ఎడమచేతి రెండు వేళ్ళు

ఇంటి నుంచి, మెట్లకింది గది
వానలు వెలిసిన వారం

పిడుగూ,

నీ ఉత్తరం చేరింది. కవరు ఒకసారి చించి, మళ్ళీ అతికించి ఉంది. కాబట్టి నీకంటే ముందు దీన్ని చదవబోయే అయ్యగారికి నా నమస్కారం. అయ్యా, జిగురు కాస్త తక్కువ పూయండి. మా మేనకోడలు రాసిన "మామయ్యా" అన్న పిలుపు కవరుకే అంటుకుపోయింది.

శిబిరంలో ఫోన్లు గేటు దగ్గరే తీసేసుకున్నారనీ, ఉత్తరాలు చదివిగాని వదలరనీ, బండి గురించి ఒక్క ముక్క రాసినా ఉద్యోగం ఊడుతుందనీ రాశావు. కొత్త బండిని అది బజారుకి రాకముందే తోలి చూసే పని నీది. నోరు కుట్టేసుకోవడం కూడా ఆ పనిలో భాగమే. నేను ఆ పని చేసిన రోజుల్లో ఇంజను మీద గోనెపట్టా కప్పితే సరిపోయేది. ఇప్పుడు మనుషుల మీద కప్పుతున్నారు.

కొండలూ ఇసుకా రాళ్ళూ అన్నీ తిరిగే అడ్వెంచర్ బండికి మీ కంపెనీ మహా బలమైన కొత్త ఇంజను తెస్తోందన్న వార్త పొక్కిన దగ్గర్నుంచి ఇక్కడ ఎవరికీ వేరే పని లేదు. మన వీధి మలుపులో మెకానిక్ షెడ్డుకి నా స్కూటరు తీసుకెళ్తే అక్కడా అదే రచ్చ.

"మూడు సిలిండర్లు. రాసిపెట్టుకోండి పెద్దాయనా," అన్నాడు షెడ్డు యజమాని. "పైగా టర్బో. మా తోడల్లుడి స్నేహితుడు కళ్ళారా చూశాడు."

"చూశాడా, విన్నాడా?"

"చూసినవాడి దగ్గర విన్నాడు."

"ఆ చూసినవాడెవరు?"

"అది చెబితే పాపం వాడి ఉద్యోగం పోదూ?"

ఇలాంటి వాళ్ళ మధ్య పత్రికలో నా శీర్షికకి ఇన్నేళ్ళూ గిరాకీ ఎందుకుందంటే, నేను గాలి కబుర్లు రాయను. పొగగొట్టం వంపు చూసి లోపల ఏముందో చెబుతాను. "ఏమండీ, ఊహ తయారైందా?" అని సంపాదకుడు రోజూ ఫోను చేస్తున్నాడు. ఈ ఇంజను నెమలి చేతుల్లో తయారవుతోందని విన్నప్పటి నుంచి నాకూ చేతులు దురద పెడుతున్నాయి. నెమలి అన్నది మా రోజుల్లో మేం పెట్టిన పేరు. నాతో ఒకే బల్ల దగ్గర పనిచేసి, నా మోకాలు విరిగిన రోజున పురివిప్పి ఆడినవాడు. ఇప్పుడు ఇంజన్ల విభాగానికే పెద్ద.

బండి గురించి రాయకూడదు, సరే. నీ ఒంటి గురించి రాయకూడదని ఎవరూ అనలేదు కదా. ఎక్కడ నొప్పి, ఎక్కడ వేడి, ఎక్కడ తిమ్మిరి, అన్నీ రాయి. మందులు పంపుతాను. మీ అమ్మ కూడా అడుగుతోంది.

మెట్లకింది ముసలాడు,
మామయ్య


శిబిరం, ఆడవాళ్ళ గది
చలి మొదలు

మామయ్యా,

ఆడవాళ్ళ గదిలో ఉన్న ఆడవాళ్ళు నేనొక్కదాన్నే. బోర్డు మాత్రం పెద్దది వేయించారు. పక్కనే బూట్లు ఎండబెట్టే గది. నా దుప్పటికి కూడా తోలు వాసన.

ఒంటి సంగతి అడిగారు. ఇన్నాళ్ళూ పెద్ద బండి ఆపినప్పుడల్లా బొటనవేళ్ళ మీద నాట్యం చేసేదాన్ని, మీరే నవ్వేవారు. ఇక్కడ రెండు మడమలూ నిబ్బరంగా నేలకి ఆనుతున్నాయి. బూట్లు పాతవే. కుడి పిక్క లోపలివైపు వేడికి ఎర్రబడింది, వెన్న రాస్తున్నాను. రోజంతా తిరిగినా వేళ్ళకి తిమ్మిరి లేదు. కొండ ఎక్కిన ప్రతిసారీ మమ్మల్ని పైన రాళ్ళ మీద కాసేపు కూర్చోబెడతారు. మేం అలిసిపోతామని కాదు. ■■■■■■■■■■■

నాతో ఉన్న ఇంకో రైడరుని పొడుగన్న అంటాం. పనిముట్ల పెట్టె కట్టుకుని పాత బండి మీద నా వెనకాలే వస్తాడు. ఇద్దరు పిల్లలు. వాళ్ళ బొమ్మలు హెల్మెట్ లోపల అంటించుకున్నాడు. "ముందు నువ్వు పడితే నేను చూసి నేర్చుకుంటాను," అంటాడు రోజూ.

అసలు కబురు ఇప్పుడు చెబుతాను. చలి ముదిరాక కంపెనీ పెద్దలందరూ వస్తారు. వాళ్ళ ముందు పెద్ద కనుమ ఎక్కేది నేనే. ఇదివరకు ఏ ఆడదానికీ ఇవ్వలేదట. అమ్మకి చెప్పండి, కాని కనుమ ఎంత ఎత్తో చెప్పకండి.

పిడుగు


ఇంటి నుంచి, మెట్లకింది గది
చలి ముదరకముందే

పిడుగూ,

మీ అమ్మకి చెప్పాను. "ఎంత ఎత్తట?" అని మొదట అదే అడిగింది. "మన మేడ కంటే కొంచెం ఎక్కువ," అన్నాను. "నీకు అబద్ధమాడేటప్పుడు చెవులు ఎర్రబడతాయన్నయ్యా," అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అయ్యగారు నల్లసిరాతో కొట్టేసింది పోను, నీ ఉత్తరం చాలాసార్లు చదివాను. నీ మడమలు, నీ పిక్క, నీ వేళ్ళు నాతో బోలెడు కబుర్లు చెప్పాయి. ఈ మధ్య కోటల ముట్టడి చరిత్ర చదువుతున్నాను. గోడ ఎంత ఎత్తున్నా లోపలి వంటశాల పొగ చూసి ఎంతమంది తింటున్నారో లెక్కకట్టేవారట. నా శీర్షిక రాయడం మొదలుపెట్టాను. ముఖచిత్రం వేస్తానన్నాడు సంపాదకుడు. నెమలి పొద్దున్నే పేపరు విప్పి తన ఇంజను బొమ్మ నా గీతల్లో చూసుకుంటాడు. ఆ ముఖం చూడటానికి నేనక్కడ ఉండకపోవడమొక్కటే లోటు.

నా మోకాలి కథ నువ్వు సగమే విన్నావు. మిగతా సగం విను. కొత్త ఇంజను మీద నిటారు వాలు ఎక్కుతున్నాను. ఇంజను బిగుసుకుపోయింది. వెనక చక్రం రాయిలా ఆగింది. నా ఎడమచేతి రెండు వేళ్ళు క్లచ్ లివరు మీద ఉన్నాయి కాబట్టి నొక్కేశాను. నొక్కితే ఇంజనుకీ చక్రానికీ తెగతెంపులు. చక్రం విడిపోయింది, లోయలో పడాల్సినవాణ్ణి గట్టున పడ్డాను. మోకాలు పోయింది, మనిషి మిగిలాడు. ఆ వాలులో పంపుకి నూనె అందడం లేదని నేను ముందే చెప్పి ఉన్నాను. నెమలి తన నివేదికలో ఏం రాశాడో తెలుసా? "రైడరు నిద్రపోయాడు." పెద్దలు నమ్మారు. నమ్మడం వాళ్ళకి సుఖం.

అందుకే నిన్ను మొదటిసారి బండెక్కించిన రోజు నుంచి అదే పాట పాడుతున్నాను. ఒళ్ళంతా నిద్రపోయినా ఎడమచేతి రెండు వేళ్ళు మేలుకొని ఉండాలి. ఆ వేళ్ళకి ఎప్పుడూ వచ్చే బొబ్బల కోసం నీ మందు సీసా పంపుతున్నాను. అయ్యగారూ, కావాలంటే వాసన చూసుకోండి. ఘాటుగా ఉంటుంది.

మామయ్య


శిబిరం, ఆడవాళ్ళ గది
మంచు కురిసిన మొదటి వారం

మామయ్యా,

మందు సీసా చేరింది. పొడుగన్నకి ఇచ్చేశాను. ఎముకలు కొరికే చలిలో పాత బండి తోలీ తోలీ పాపం ఆయన ఎడమచేతి వేళ్ళు పగిలిపోయాయి. నాకిప్పుడు దాని అవసరం లేదు. "మీ మామయ్యగారు వైద్యుడా?" అని అడిగాడు. కాదు, పగబట్టిన పాము అని చెప్పాను. నవ్వాడు. నేను నవ్వలేదు.

మీ శీర్షిక గురించి చదివాక నాకు భోజనం సయించడం లేదు. మామయ్యా, మీ ఊహ తప్పయితే లోకం నవ్వుతుంది, అంతే. మీ ఊహ నిజమైతే మాత్రం మొదట పిలిచేది నన్ను. మీకెవరు చెప్పారని అడుగుతారు. నా మడమలు చెప్పాయని చెప్పనా? మీకు నెమలి మీద ఉన్నది పాత లెక్క. అందులోకి నన్ను కలపకండి. దయచేసి అచ్చుకి ఇవ్వకండి.

కొండ మీద ఇప్పుడు చాలాసేపు కూర్చోబెడుతున్నారు. పొడుగన్న ఒక కునుకు తీసి లేచేంతసేపు. ■■■■■■■ బట్టలకి మాడు వాసన ■■■■. నేను బాగానే ఉన్నాను.

పిడుగు


ఇంటి నుంచి
ఉత్తరం అందిన రోజే

పిడుగూ,

మందు పొడుగన్నకి ఎందుకిచ్చావు?

మంచిదానివి, ఇచ్చావు. నేనడిగేది అది కాదు. బండెక్కిన నాటి నుంచి చలికాలమొస్తే నీ ఎడమచేతి వేళ్ళు బొబ్బలెక్కకుండా ఉన్న సంవత్సరం లేదు. ఇప్పుడు ఆ చేతికి పనెందుకు లేదు?

జవాబు రాయొద్దు. నాకు తెలిసిపోయింది. 

శీర్షిక పూర్తయింది. బల్ల సొరుగులో ఉంది. ఇవ్వలేదు, ఇవ్వనని మాటిస్తున్నాను. బదులుగా నువ్వు నాకో మాటివ్వు. ఆ కనుమ ఎక్కకు. జ్వరమని చెప్పు. నడుం పట్టేసిందని చెప్పు. మీ మామ పోయాడని చెప్పినా నాకు అభ్యంతరం లేదు.

మామయ్య


శిబిరం
మంచు వారం, మళ్ళీ

మామయ్యా,

మీరడిగినదానికి జవాబు రాయలేను. రాయొద్దని మీరే అన్నారు.

జ్వరం రాలేదు. నడుం బాగుంది. మీరు పోలేదు. నేను ఎక్కనంటే ఏమవుతుందో మీకు తెలియదా? ఆడదానికిస్తే ఇంతేనంటారు, అది పోనివ్వండి. బండి మాత్రం ఆగదు. పొడుగన్నని ఎక్కిస్తారు. ఆయన హెల్మెట్‌లో ఇద్దరు పిల్లలున్నారు. నా మెడ కాకపోతే ఆయన మెడ. మీకు నేను ఒక్కదాన్నే మేనకోడల్ని, నిజమే. కాని పోయేది ఎవరిదో మెడ అనుకుని నేను దుప్పటి కప్పుకుని పడుకోలేను.

ఇక్కడివాళ్ళు చదువుకున్నవాళ్ళు. చూసుకుంటారు. చూసుకుంటారనే అనుకుంటున్నాను.

పెద్దలు వచ్చే వారం వస్తున్నారు.

పిడుగు


ఇంటి నుంచి, మెట్లకింది గది
ఆలస్యం చెయ్యకుండా

ఉత్తరాలు చదివే అయ్యగారికి,

పైన చిరునామా మా పిడుగుదే. లోపలి ఉత్తరం మాత్రం మీకు. దీన్ని దానికివ్వకండి. తిన్నగా నెమలి బల్ల మీద పెట్టండి. నేను సొంతంగా రాసినవి ఆయన విప్పడు, తిప్పి పంపుతాడు. మీరు పట్టుకున్నదైతే తప్పకుండా చదువుతాడు. ఆయన సంగతి నాకు తెలుసు.

నెమలి గారూ,

మా పిల్ల మీ బండి గురించి ఒక్క అక్షరం రాయలేదు. అయినా మీ ఇంజను నా బల్ల మీద ఉంది. మా పిల్ల పొట్టిది. దాని మడమలు నేలకి ఆనుతున్నాయంటే మీరు ఇంజనునీ, దానితో సీటునీ బాగా కిందికి దించారు. దించితే బండి పొట్ట రాళ్ళకి తగలాలి. తగలకూడదంటే ఇంజను అడుగున నూనె తొట్టిని పళ్ళెంలా పలచన చేసి ఉండాలి. వేళ్ళకి తిమ్మిరి లేదంటే అదురు తక్కువ, కాబట్టి మూడు సిలిండర్లు. మా షెడ్డు యజమాని తోడల్లుడి స్నేహితుడికి క్షమాపణలు. కుడి పిక్క కాలుతోంది, కాబట్టి బలం బాగానే పిండారు.

ఇప్పుడు మీ ఇంట్లో ఒక పళ్ళెంలో నీళ్ళు పోసి వంచి చూడండి. నిటారు కొండ మీద నూనె అంతా వెనక్కి పోతుంది. పంపు నోటికి గాలి అందుతుంది. కొండెక్కిన ప్రతిసారీ రైడర్లని రాళ్ళ మీద కూర్చోబెట్టి మీవాళ్ళు చూస్తున్నది అదే. కూర్చోబెట్టే సేపు పెరుగుతోంది. బట్టలకి మాడు వాసన వేస్తోంది. అంటే మీకూ తెలుసు. పెద్దలు వచ్చే తేదీ ముందే ఖాయం చేసుకున్నారు కాబట్టి, ఒక్కసారి ఎక్కేస్తే చాలని అనుకుంటున్నారు.

పోనీ, ఇంజను బిగుసుకుపోయినా బతికే దారి ఒకటి ఉండేది. నేను ఆ దారినే బతికాను. మీ కొత్త బండికి ఆ లివరే లేదు. గేర్లు అదే మార్చుకుంటుంది, క్లచ్ అదే చూసుకుంటుంది. ఎడమచేతిని ఊరికే కూర్చోబెట్టారు. ఈ సంగతి నాకు చెప్పింది ఒక మందు సీసా. మా పిల్ల దాన్ని దానం చేసింది.

తొట్టి మార్చడానికి మీకు నెలలు పడుతుంది. లివరు పెట్టడానికి అంత పట్టదు. పెట్టండి. అది మీ ఆలోచనేనని చెప్పుకోండి, మీకు అలవాటే.

ఈ కవరులో నా శీర్షిక అసలు ప్రతి ఉంది. నకలు లేదు. సంపాదకుడికి కుదరలేదని చెప్పేశాను. ఇన్నేళ్ళలో నేను రాసిన వాటిలో ఇదే బాగా వచ్చింది. అందులో మీ గురించి రాసిన పేరా మరీ బాగుంది. తీరికగా చదువుకోండి.

మిమ్మల్ని క్షమించానని మాత్రం అనుకోకండి.

నిద్రపోని రైడరు


శిబిరం, బూట్లు ఎండబెట్టే గది

మామయ్యా,

మీ ఉత్తరం నాకివ్వలేదు. చదివి వినిపించారు. ఎవరో చెప్పనా, మీ నెమలే. నన్ను ఎదురుగా నిలబెట్టి, కళ్ళజోడు తుడుచుకుని, పంతులు పాఠం చదివినట్టు మొదటి నుంచి చివరి దాకా చదివాడు. "మా పిల్ల పొట్టిది" అన్నచోట ఆగి నన్ను పైనుంచి కిందికి చూశాడు.

"బండి గురించి ఏం రాశావ్?" అన్నాడు.

"ఏమీ రాయలేదు సార్."

ఉత్తరాలు చదివే గుమాస్తాని పిలిపించాడు. ఆయన నా ఉత్తరాల నకళ్ళు ముందు పెట్టాడు. "ఒంటినొప్పులు రాయకూడదని రూల్లో లేదండీ," అన్నాడు మెల్లిగా.

"ఇవాళ్టి నుంచి ఉంది. రాసుకో," అన్నాడు నెమలి.

నేను బయటికి వచ్చేటప్పుడు వెనక నుంచి పిలిచాడు. "మీ మామ ఇప్పుడైనా నిద్రపోతున్నాడా?" అని అడిగాడు.  గదిలో మీరు కాదు నిలబడింది, నేను. మీరు అన్న మాటలన్నీ నా ముఖాన పడ్డాయి.

కనుమ ప్రయాణం వాయిదా పడింది. నన్ను బండి దించేశారు. బూట్లు ఎండబెడుతున్నాను. పొడుగన్న నాతో మాట్లాడటానికి భయపడుతున్నాడు. మీరు మాటిచ్చారు, అచ్చుకి ఇవ్వనని. ఇవ్వలేదు, నిజమే. అంతకంటే పెద్ద పని చేశారు. నన్నడగకుండా చేశారు.

ఇక ఉత్తరాలు రాయకండి.


ఇంటి నుంచి
చలి తగ్గుముఖం

పిడుగూ,

రాయొద్దన్నావు. మీ అమ్మ రాయమంది, అందుకని రాస్తున్నాను. అది కూడా అబద్ధమే. చెవులు ఎర్రబడ్డాయో లేదో చూసేందుకు అద్దం లేదు.

నీకు చెప్పకుండా చేశాను. చెబితే వద్దంటావు. మళ్ళీ చెయ్యాల్సివచ్చినా చెప్పకుండానే చేస్తాను. నువ్వు కోపంగా ఉన్నావని తెలియడం నాకు చాలు. కోపం ఉన్నవాళ్ళు ఊపిరితో ఉంటారు.

పోస్టు వచ్చే వేళకి గేటు దగ్గర కుర్చీ వేసుకుంటున్నాను. పోస్టాయన నన్ను చూసి దూరం నుంచే చెయ్యి అడ్డంగా ఊపుతున్నాడు. మంచివాడు, దగ్గరికి నడిచి వచ్చేదాకా ఆశ పెట్టడు.  నిన్న మీ అమ్మ నీ పాత చేతి తొడుగులు ఉతికి తీగ మీద ఆరేసింది. ఎడమదాని రెండు వేళ్ళూ అరిగిపోయి చిల్లులు పడి ఉన్నాయి. రెండు చిల్లుల్లోంచీ ఎండ పడుతోంది. చూస్తూ కూర్చున్నాను.

పుస్తకాలు పట్టుకుంటే అక్షరాలు ఆనడం లేదు. నిద్రా లేదు. నెమలి అడిగితే ఆ మాట చెప్పు.

మామయ్య


శిబిరం, ఆడవాళ్ళ గది
మంచు కరిగే రోజులు

మామయ్యా,

మళ్ళీ నన్నే ఎక్కించారు. ■■■■■■■■■■■■■■■■■■

నిన్న పెద్దల ముందు కనుమ ఎక్కాను. ■■■■■■ సగం దాటాక ■■■■■■■■■ బిగుసు ■■■■■■■■■■■■■■■. పొడుగన్న వెనకనుంచి అరిచాడట, నాకు వినిపించలేదు. ■■■■■■■■■■■■■ గట్టు మీద ■■■■. లేచి నిలబడ్డాను. మోచెయ్యి గీసుకుంది, అంతే. ■■■■■■■■■■■■■■■

పొడుగన్న పరుగెత్తుకొచ్చి "ముందు నువ్వు పడితే చూసి నేర్చుకుంటానన్నాను గాని, నిజంగా పడమన్నానా?" అని ఏడ్చాడు. ఇద్దరం ఆ రాళ్ళ మీదే కూర్చున్నాం. నెమలి కిందనుంచి నడిచి వచ్చాడు. నా ముఖం చూడలేదు. నా ఎడమచెయ్యి కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

నాకింకా కోపంగానే ఉంది. ఇంటికొచ్చాక తీరిగ్గా పోట్లాడతాను.

ఎడమచేతి రెండు వేళ్ళూ బొబ్బలెక్కాయి. ఆ మందు ఇంకో సీసా పంపండి.

పిడుగు


ఇంటి నుంచి, మెట్లకింది గది
ఎండ కాసిన రోజు

పిడుగూ,

రెండు సీసాలు పంపుతున్నాను. రెండోది ఉత్తరాలు చదివే అయ్యగారికి. అయ్యా, కొత్త రూలు ప్రకారం మా పిల్ల రాసిన చివరి వాక్యాలు మీరు కొట్టెయ్యాలి. పైనంతా అంత నల్లసిరా పోసి, ఆ చోటికి వచ్చేసరికి మీ కలం ఆగిపోయింది. ఎందుకని అడగను. అన్నేసి గీతలు గీసిన వేళ్ళు కూడా నొప్పి పెట్టే ఉంటాయి, రాసుకోండి.

ఆ వాక్యం మీ అమ్మకి చదివి వినిపించాను. "బొబ్బలెక్కితే నవ్వుతావేంటి అన్నయ్యా, నీకేమైనా మతిపోయిందా?" అంది. తరవాత కనుమ ఎంత ఎత్తో చెప్పాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు.

మా పత్రికలోనే వచ్చింది, నెమలి ముఖాముఖి. ముఖచిత్రం కూడా వేశారు. కొత్త బండికి అత్యవసర లివరు పెట్టాలన్నది ఎన్నో ఏళ్ళ అనుభవంతో తనకి తట్టిన ఆలోచన అట. బొమ్మలో పురి విప్పే నిలబడ్డాడు. నూనె తొట్టి కూడా మారుస్తున్నారట, అదీ ఆయనకే తట్టింది. షెడ్డు యజమాని ఆ పేజీ గోడకి అంటించాడు. "చూశారా పెద్దాయనా, మూడు సిలిండర్లని చెప్పానా లేదా? మీ ఊహ ఈసారి రానేలేదు," అన్నాడు. "వయసు మీద పడింది," అన్నాను. ఇలాంటి మాట నా నోట ఎలా వచ్చిందో తెలియదు. లోపల కత్తులు నూరుతూనే ఉన్నాను. ఆ లెక్క తీరలేదు, తీరదు కూడా.

మొన్న మధ్యాహ్నం గేటు దగ్గర కుర్చీలో నీ ఉత్తరం ఒళ్ళో పెట్టుకునే నిద్రపోయాను. పోస్టాయన వచ్చి లేపేదాకా మెలకువ రాలేదు.

అయ్యగారూ, ఈ ముక్క మాత్రం దయచేసి నల్లసిరాతో కొట్టెయ్యండి. నెమలి కంట పడకూడదు.

మామయ్య